మోకరించానా, మోకరిల్లానా?

పాత క్యాసెట్టు: రెండు రోజులుగా ఒక పంక్తి బుర్రలోంచి పోవడం లేదు. రష్ అనే కెనడా రాక్ బృందం 2004లో తమ 30 ఏళ్ళ సందర్భానికి ఇతరుల పాటలు ఎనిమిది పాడి ‘ఫీడ్‌బ్యాక్’ అని రికార్డు వేసింది కదా, అందులో చివరిది ‘క్రాస్‌రోడ్స్’. దాని మొదటి చరణాన్ని హాస్టల్లో ఒక మిత్రుడు తెలుగు చేసి కాగితం మీద రాసిచ్చాడు. ‘నాలుగు దారుల కూడలికి పోయి మోక...’ అని గుర్తుంది. తర్వాత ‘రించాను’ ఉందా, ‘రిల్లాను’ ఉందా? కాగితం ఎప్పుడో పోయింది.

తుంగభద్ర: రిల్లానే. సందేహం ఎందుకు? విలసిల్లు, వర్ధిల్లు, శోభిల్లు చూడండి. ‘ఇల్లు’ చేరితే పని దానంతట అది జరిగినట్టు. ‘ఇంచు’ చేరితే పూనుకుని చేసినట్టు. మూలంలో అతను మోకాళ్ళ మీద పడ్డాడు, పూనుకుని వంగలేదు.

అరసున్న: తుంగభద్ర గారూ, ‘మరణించు’ సంగతేమిటి? పూనుకునే మరణిస్తున్నామా?

తుంగభద్ర: అది సంస్కృత పదానికి చేరిన ఇంచు. ‘మోకాలు’ మన మాట. రెండింటినీ ఒక గాట కట్టకండి.

అరసున్న: వర్ధిల్లు, శోభిల్లు మాత్రం మన మాటలా?

గంటస్తంభం: చర్చిలో పెరిగినవాణ్ణి, నాకు మోకరించడమే తెలుసు. తెలుగు బైబిలులో ‘మోకాళ్లూని’ అని ఉంటుంది. ఆ పాట మనిషి కూడా దేవుణ్ణే వేడుకుంటున్నాడు కాబట్టి ప్రార్థన మాటే పడాలి. మోకరిల్లడం పత్రికల మాట. అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఢిల్లీ ముందు మోకరిల్లుతూ ఉంటారు.

నల్లరేగడి: మీరందరూ 2004 దగ్గరే ఆగిపోయారు. రష్ వాళ్ళు తీసుకున్నది క్రీమ్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1968 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌లాండ్‌లో వాయించిన రూపం. దాని వెనక బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936 నవంబరులో టెక్సాస్‌లో ఒక్క గిటారుతో పాడినది ఉంది. జాన్సన్ పాటలో ‘పాపం బాబ్‌ను కాపాడు’ అని తన పేరే ఉంటుంది. క్రీమ్‌లో క్లాప్టన్ పాడేసరికి ఆ పేరు ‘నన్ను’ అయిపోయింది. త్యాగరాజ ముద్ర తీసేసి కీర్తన పాడితే ఎలా ఉంటుంది? విచిత్రమేమిటంటే, స్నేహితుడు విల్లీ బ్రౌన్ పేరు మాత్రం అలాగే మిగిలింది. నా మటుకు నాకు ముద్ర పోయిన పాటలో రించినా రిల్లినా ఒకటే.

పాత క్యాసెట్టు: నాకు ఒకటి కాదు!

ఈశాన్యం: కూడలి అన్నచోటే నాకు అభ్యంతరం. అమరకోశంలో కూడలికి ‘శృంగాటక చతుష్పథే’ అని చక్కగా ఉండగా...

అరసున్న: శృంగాటకంలో నిలబడితే ఏ బండీ ఆపరు లెండి.

ఈశాన్యం: వెటకారం సరే. మా విశాఖలో అది జంక్షన్, విజయవాడలో సెంటర్, కర్నూలులో సర్కిల్, వరంగల్‌లో చౌరస్తా. ఏది పెట్టినా ఒక జిల్లా పాట అవుతుంది. అందుకే అమరం దాకా పోయాను.

తుంగభద్ర: ‘కూడలి’ ఉండాల్సిందే. దిష్టి తీసిన నిమ్మకాయలు పారేసే చోటు అది. పొద్దుగూకాక అక్కడ ఆగాలంటే మనకూ జంకే. జాన్సన్ సైతానుకు ఆత్మను అమ్ముకున్నది అక్కడే అంటారు కదా!

నల్లరేగడి: పాటలో సైతాను ఎక్కడున్నాడండీ? ఆ కథ మొదట టామీ జాన్సన్ అనే మరో గాయకుడి గురించి అతని అన్న చెప్పినది. తర్వాత రాబర్ట్‌కు అంటుకుంది. పాటలో ఉన్నది పొద్దు వాలుతుండటం, చెయ్యి ఊపినా ఎవరూ బండి ఆపకపోవడం. ఆ కాలపు మిసిసిపీలో చీకటి పడ్డాక నల్లవాడు ఒంటరిగా రోడ్డు మీద చిక్కితే భయపడవలసింది మనుషులకే.

గంటస్తంభం: ఇక్కడ జాషువా గుర్తుకొస్తాడు. 1941 ‘గబ్బిలం’లో గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడును గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుతాడు. మేఘసందేశంలో యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి గబ్బిలం. బాబ్‌కు అదీ లేదు. తానే వెళ్ళి దేవుణ్ణి అడగాలి.

అరసున్న: బాగుంది. అయితే జాషువా మనిషి కన్నీళ్ళతోనే నిలదీస్తాడు కూడా. మీ ‘మోకరించు’కు అతను సాక్ష్యం చెప్పడు.

గంటస్తంభం: చెప్పమనలేదు. ఆ పద్యాలు పైకి చదువుకుని ఎన్నాళ్ళైందో అనిపించింది, అంతే.

పాత క్యాసెట్టు: మిత్రుడికి ఫోను చేశాను. అసలు తానేమీ రాయలేదంటున్నాడు. రష్ వినేవాణ్ణి నేనేనట, తనకు ఘంటసాల తప్ప ఎవరూ పట్టరట.

తుంగభద్ర: అయితే మీరే రాసుంటారు. రిల్లానే.

ఈశాన్యం: అది ఎలాగూ తేలదు. ఇంతకీ చౌరస్తానా, చౌరాస్తానా? ఉర్దూలో రాస్తా అనే దీర్ఘం ఉంది మరి. వరంగల్ వారెవరైనా ఉన్నారా?