కోనాలో అమ్మకి లోమిలోమి చేయిద్దామనుకుంటున్నా, తెలిసినవాళ్లు చెప్పండి

సియాటిల్_అబ్బాయి:
నమస్తే అండీ. వచ్చే నెల అమ్మని తీసుకుని హవాయి బిగ్ ఐలాండ్‌లోని కోనాకి వెళ్తున్నాం. అమ్మకి 64 ఏళ్లు, షుగర్ ఉంది. ఏడాదిగా కుడి భుజం పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. మేం దిగే రిసార్ట్ స్పాలో ‘లోమిలోమి, 80 నిమిషాలు’ అని ఉంది, హవాయి వాళ్ల మసాజ్ అట. మామూలు మసాజ్‌కీ దీనికీ తేడా ఏంటి? పరాయివాళ్ల ముందు బట్టలు తీయాలంటే అమ్మ ససేమిరా ఒప్పుకోదు.

మావీ_యాత్రికుడు:
నేను ఒకసారి చేయించుకున్నా. నూనె, మెత్తటి సంగీతం, బాగా నిద్ర పట్టింది. స్పాల్లో మామూలుగా చేసే స్వీడిష్ మసాజ్‌కే వేరే పేరు పెట్టారనిపించింది.

కోనా_వాసి:
నేను కోనాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడే ఒక పెద్దావిడ దగ్గర లోమిలోమి నేర్చుకున్నాను.

పైన చెప్పింది నిజమే, చాలా స్పాల్లో దొరికేది అదే. కానీ లోమిలోమి అంటే అంతే అనుకోకండి. హవాయి భాషలో ‘లోమి’ అంటే ఒత్తడం, పిసకడం. హాయిగా ఉన్న పిల్లి పంజాలు చాపుతూ ముడుస్తూ ఒత్తుతుంది చూడండి, దానికీ ఇదే మాట. ఉప్పు చేపని టమాటా, ఉల్లిపాయలతో కలిపి చేత్తో పిసికితే అది లోమి సాల్మన్. ఇంట్లో రోజూ వాడే మాట ఇది. తాతలు మనవల చేత వీపు తొక్కించుకునేవారు. అసలు వైద్యం తెలిసిన కుటుంబాలు మాత్రం దాన్ని తమలోనే ఉంచుకునేవి. బయటివాళ్లకి నేర్పిన తొలివాళ్లలో ముఖ్యమైనావిడ ఆంటీ మార్గరెట్ మచాడో (1916–2009). 1970ల నుంచి ఈ కోనా తీరంలోనే నేర్పారు. ఇక్కడ పెద్దవాళ్లు చుట్టాలు కాకపోయినా మనలాగే ఆంటీ, అంకుల్ అని పిలుస్తారు.

ఆవిడ పద్ధతిలో మొదట ప్రార్థన, ‘పులే’ అంటారు. ఆ తర్వాతే చెయ్యి వేయడం. మొదటి వారం మా గురువుగారు నన్ను బొటనవేళ్లు వాడనివ్వలేదు. ఒంటి బరువు మెల్లగా వాల్చి, ముంజేతితో భుజం నుంచి నడుము దాకా ఒకే ఊపున రావాలి. నాకేమో తొందర. ఆవిడ నా చేతుల మీద తన చేతులు పెట్టి ఆపి, “ముందు నువ్వు ఊపిరి పీల్చు, తర్వాత పడుకున్నావిడ ఊపిరి విను” అన్నారు. నాకు వెంటనే తెనాలిలో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా తమ్ముణ్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాస్తూ కబుర్లు చెప్పేది. వాడు ఒళ్లు బిగిస్తే చెయ్యి ఆపేది, వదిలాక మళ్లీ మొదలుపెట్టేది.

ఇంకో మాట. ఇంట్లో గొడవలుంటే ఒంటి జబ్బు తగ్గదని పాతకాలం వాళ్ల నమ్మకం. అందుకే ఇంటివాళ్లందరినీ కూర్చోబెట్టి, పెద్దవాళ్లొకరు దగ్గరుండి, మనసులో ఉన్నది చెప్పించి, ఒకరి చేత ఒకరికి క్షమాపణ చెప్పించేవారు. అదే హోఒపొనొపొనొ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దాన్ని ఒక్కళ్లే కూర్చుని జపించే నాలుగు వాక్యాలుగా మార్చేశారు. చూస్తే బాధేస్తుంది.

అమ్మగారి విషయానికొస్తే, దుప్పటి కప్పి, చేసే భాగం మాత్రమే తీస్తారు. ముందే చెబితే బట్టల మీదుగా కూడా చేస్తారు. దీనివల్ల బిగిసిన కీలు తెరుచుకోదు, ఫిజియోథెరపీ ఆపకండి. కానీ నొప్పికి భయపడి బిగబట్టిన మెడ, వీపు వదులవుతాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఒంటి మీద పెట్టే వేడి రాళ్లు వద్దని గట్టిగా చెప్పండి.

సియాటిల్_అబ్బాయి:
చాలా థాంక్స్ అక్కా. మంచివాళ్లని ఎలా గుర్తుపట్టాలి? అమ్మ రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటుంది.

కోనా_వాసి:
అయితే ముందు డాక్టర్‌ని అడుగు తమ్ముడూ. ఆయన సరే అన్నాకే బుక్ చెయ్యి, మాత్ర సంగతి వాళ్లకీ చెప్పు, గట్టిగా నొక్కరు. ఫోన్‌లో “మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?” అని అడుగు. ఇక్కడ అది మర్యాదైన ప్రశ్నే, తెలిసినవాళ్లు గురువు పేరు సంతోషంగా చెప్తారు. అమ్మ మందులు, భుజం గురించి వాళ్లంతట వాళ్లు అడగకుండా నేరుగా టైమ్ ఇచ్చేస్తే ఇంకొకరిని చూడు. వాళ్లు వాడేది ఎక్కువగా కొబ్బరినూనో కుకుయి అనే చెట్టు గింజల నూనో. అమ్మని పాత జాకెట్టు వేసుకుని రమ్మను.