కూలెంట్: బోరు నీళ్లు పోస్తే మడ్డి, ఆర్‌ఓ పోస్తే నురగ

సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్‌లో సెమీ సింథటిక్ కూలెంట్ (కోత దగ్గర వేడి తగ్గించడానికి నీళ్లలో కలిపి వాడే, కొంత నూనె ఉండే ద్రవం) వాడుతున్నాం, బోరు నీళ్ల హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) 480 పీపీఎం, కలిపిన వారంలోపే ట్యాంకు పైన తెల్లటి మడ్డి తేలుతోంది, డోర్ గ్లాస్ మీద జిగురులా అంటుకుని గుడ్డతో తుడిచినా పోవట్లేదు. రిఫ్రాక్టోమీటర్‌తో కొలిస్తే కూలెంట్ గాఢత 7 శాతం (రీడింగ్‌ని ఆ కూలెంట్ ఫ్యాక్టర్‌తో గుణించాకే), పీహెచ్ 9, వాసన లేదు కాబట్టి బ్యాక్టీరియా కాదనే అనుకుంటున్నా, నీళ్లలో కాల్షియం, కూలెంట్‌లోని ఎమల్సిఫయర్‌తో (నూనెని నీళ్లలో కలిపి ఉంచే పదార్థం) కలిసి సబ్బు కడుతోందని నా అనుమానం. ట్యాంకు ఖాళీ చేసి క్లీనర్ తిప్పి కడిగాం, మెషీన్ స్లైడ్‌ల నుంచి కారి పైన తేలే స్లైడ్‌వే ఆయిల్‌ని స్కిమ్మర్‌తో తీసేశాం, అయినా అంతే. నీళ్ల హార్డ్‌నెస్ తీసే సాఫ్ట్‌నర్ పెట్టలేదు, కాల్షియం పోయినా క్లోరైడ్ అలాగే ఉంటుంది, తుప్పు భయం. చివరికి మొత్తం ఆర్‌ఓ నీళ్లతో కలిపితే మడ్డి పోయింది గానీ 20 బార్ పంపు ఆన్ చేయగానే నురగ ట్యాంకు మూత దాటి పొంగుతోంది, యాంటీఫోమ్ వేసినా ఒక్క షిఫ్టే ఆగుతోంది. మొదటి ఫిల్లింగ్‌కి ఆర్‌ఓలో కొంచెం బోరు నీళ్లు కలిపి హార్డ్‌నెస్ ఎంత దగ్గర పెడితే మడ్డీ నురగా రెండూ రాకుండా ఉంటాయి?