ఆస్తుల అఫిడవిట్‌లో ఇంటి లోను ఎలా చూపించాలి? సోమవారం ఇవ్వాలి

తిరుచానూరు అమ్మాయి (శనివారం రాత్రి 1.10)
తొమ్మిదింటి నుంచి ఈ కాగితాల ముందే కూర్చున్నాను. ఆస్తులు, అప్పుల అఫిడవిట్ నింపి తెమ్మని లాయరు గుమాస్తా ఫారం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అప్పుల దగ్గర ఆగిపోయాను. ఇంటి లోను మా ఆయనది, నేను షూరిటీ సంతకం మాత్రమే పెట్టాను. ఆరు నెలలుగా ఆయన కట్టడం మానేస్తే కంతులు నా జీతంలోంచే పోతున్నాయి. నా అప్పుగా రాస్తే రేపు మొత్తం నా నెత్తిన పడుతుందా? రాయకపోతే తప్పవుతుందా? పాప నిద్రలో లేచి లేచి చూస్తోంది. టెన్షన్‌తో బుర్ర పనిచేయడం లేదు.

రేణిగుంట రోడ్డు (ఆదివారం ఉదయం 6.40)
ఏ కేసు? ఎవరు వేశారు? ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాకాల పెద్దమ్మ
అమ్మాయీ, లోను సంగతి తర్వాత. ముందు నగలు ఎక్కడున్నాయో చూసుకో. పుట్టింటివాళ్లు పెట్టినవీ, పెళ్లిలో నీకు చదివించినవీ అన్నీ స్త్రీధనం, నీ సొంతం. అత్తవారింట్లో దాచినంత మాత్రాన వాళ్లవి కావని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. బిల్లులు లేకపోతే పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని ఒక్కో నగా, బరువూ రాసిపెట్టు. మా చెల్లెలి కూతురు ఆ పని చేయక ఎంత ఏడ్చిందో నేను కళ్లారా చూశాను.

తిరుచానూరు అమ్మాయి
పెద్దమ్మా, నగలు అమ్మ దగ్గరే ఉన్నాయి. నేను అడిగింది లోను గురించి. విడాకులకు ఆయన బెంగళూరులో వేశారు. నేను నాకూ పాపకూ మనోవర్తి కోసం ఇక్కడ 125వ సెక్షన్ కింద వేశాను.

చిత్తూరు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
మనవైపు లోను కాగితాల మీద సంతకం పెట్టిన ప్రతి ఒక్కరినీ షూరిటీ అనేస్తారు. ముప్పై ఏళ్లు ఈ మాటతోనే వేగాను. శాంక్షన్ లెటరు తీసి మీ పేరు పక్కన ఏముందో చూడండి. కో అప్లికెంట్ అని ఉంటే ఆ అప్పు ఆయనది ఎంతో మీదీ అంతే. నిజంగా షూరిటీయే అయినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యత ఉంటుంది. సంతకం 'మాత్రమే' అనేది లేదమ్మా.

పుత్తూరు మాస్టారు
ఒక సవరణ. 125 ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 144. అలాగే మనోవర్తి పాత మాట, భరణం అనాలి.

పారా లీగల్ వాలంటీర్, చిత్తూరు
మాస్టారూ, కోర్టు వరండాలో నేను రోజూ వినేది మనోవర్తి అనే మాటే. నంబరు సంగతి లాయరు చూసుకుంటారు. ఆమెకు రేపే గడువు.

పుత్తూరు మాస్టారు
గడువుందని తప్పు రాయకూడదు కదా. అందుకే చెప్పాను.

తిరుచానూరు అమ్మాయి
బీరువా తీసి చూశాను. కో అప్లికెంట్ అనే ఉంది. క్రయ దస్తావేజు కూడా ఇద్దరి పేర్ల మీద ఉంది. అది చెప్పాలని తోచలేదు.

పారా లీగల్ వాలంటీర్, చిత్తూరు
అసలు సంగతి అదేనమ్మా. ఇంట్లో మీ వాటా ఆస్తుల్లో రాయండి. లోను అప్పుల్లో రాయండి: బ్యాంకు పేరు, మిగిలిన బాకీ, నెల కంతు, ఇద్దరి పేర్ల మీద ఉందన్న మాట. ఏ నెల నుంచి మీరొక్కరే కడుతున్నారో ఒక వాక్యం రాసి బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. ఇది రాయడం వల్ల కొత్తగా మీ మీద పడేదేమీ లేదు. పైగా ఆయన కట్టడం లేదన్న సంగతి కోర్టు ముందుకు వస్తుంది. ఈ అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆయనా తన లెక్క చూపాల్సిందే. మనోవర్తి కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని ఆ తీర్పులోనే ఉంది. పాప స్కూలు ఫీజు రసీదులు మరచిపోవద్దు.

చిత్తూరు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
కోపంతో కంతులు ఆపకండి, సిబిల్ ఇద్దరిదీ పాడవుతుంది. ఇంకొక్క మాట. రేపు రాజీలో 'లోను ఆయనే కట్టుకుంటాడు' అని రాసుకున్నా, విడాకులే వచ్చినా, బ్యాంకుకు దానితో పనిలేదు. మీ పేరు తీసేశామని బ్యాంకు కాగితం ఇచ్చేదాకా ఇంట్లో మీ హక్కు వదులుతూ సంతకం పెట్టొద్దు.

రేణిగుంట రోడ్డు
బెంగళూరు కేసు ఇక్కడికి మార్చాలంటే సుప్రీంకోర్టుకు వెళ్లాలి. రాష్ట్రం వేరు కాబట్టి.

పారా లీగల్ వాలంటీర్, చిత్తూరు
దానికి ఖర్చవుతుందని భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి.

పాకాల పెద్దమ్మ
అమ్మ దగ్గరున్న నగలకు కూడా లిస్టు రాసుకో తల్లీ.

తిరుచానూరు అమ్మాయి (ఆదివారం సాయంత్రం)
అలాగే రాశాను. స్టేట్‌మెంట్ ప్రింటు తీయించాలి, షాపు మూసేలోపు వెళ్తున్నా. థాంక్స్ అండీ.

నగరి నుంచి
మా అన్న లోనుకు నేనూ షూరిటీ సంతకం పెట్టాను. ఇప్పుడు వదిన విడాకులు అడుగుతోంది. నా పేరు తీయించుకోవచ్చా?