సెలవుల్లో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని ఐస్ రింక్‌లో దించొచ్చా?

ఎడిసన్_కోడలు: క్రిస్మస్ వారంలో న్యూయార్క్‌లో బ్రయంట్ పార్క్ ఐస్ రింక్‌కి వెళ్దామనుకుంటున్నాం. సొంత స్కేట్స్ (బ్లేడ్ ఉన్న బూట్లు) ఉంటే ఎంట్రీ ఫ్రీ, మాకు లేవు, రెంట్‌కి తీసుకోవాలి. మామయ్యగారికి 63, రోజూ వాకింగ్ చేస్తారు, నేనూ దిగుతా అంటున్నారు. ఏమంటారు?

గోదారి_పిల్ల: వద్దండీ. పోయినేడు మా దగ్గర్లో రింక్‌కి అమ్మని తీసుకెళ్లాం, గోడ పట్టుకునే నడుస్తోంది, ఆ రద్దీలో ఎవరో కుర్రాడు పక్కనుంచి దూసుకుపోయేసరికి బెదిరి చెయ్యి ఆన్చి పడింది, మణికట్టు విరిగింది. స్కేట్స్ కూడా ఒకటే జారుడు. కౌంటర్లో అడిగితే దెబ్బ తగిలితే బాధ్యత మాది కాదనే కాగితం, అదే వేవర్, దాని మీద సంతకం పెట్టారుగా అన్నారు.

స్కేటర్_నాన్న: బ్లేడ్ మొద్దుబారితే ఐస్‌ని పట్టదు, పక్కకి జారిపోద్ది. అప్పుడే వెనక్కిచ్చి వేరేది అడగాల్సింది. చీలమండ దగ్గర లేసు బిగించారా?

చలిపులి: పడిపోకుండా ఐస్ మీద పట్టుకుని తోసుకెళ్లే పెంగ్విన్ బొమ్మ ఉంటుందిగా, అది పట్టుకుంటే సరి.

స్కేటర్_నాన్న: అది పిల్లల ఎత్తుకి చేసింది, పెద్దవాళ్లు వంగి పట్టుకుంటే ముందుకే పడతారు. మోకాళ్లు వంచి పక్కకి పడటం, పడగానే వేళ్లు ముడుచుకోవడం ముందే నేర్పాలి. నేర్పకుండా దించేసి రింక్‌ని అంటే ఎలా?

గోదారి_పిల్ల: నేను రద్దీ గురించి చెప్తుంటే మీరు లేసుల దగ్గరే ఉన్నారు! కట్టుతో అమ్మ ఇంట్లో కూర్చుంటే హైదరాబాద్ నుంచి అన్నయ్య రోజూ ఫోన్, ఎవర్నడిగి ఎక్కించావని. ఆ మాటలు పడింది నేను.

స్కేటర్_నాన్న: అడగాల్సింది అన్నయ్యనా, అమ్మనా? మా పాప క్లాస్‌కెళ్లినప్పుడల్లా చూస్తా, మనవాళ్ల అమ్మానాన్నలు కోట్లు, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద వణుకుతుంటారు. మీరూ దిగుతారా అని అడిగేవాళ్లే ఉండరు. పసిపిల్లల్ని చూసుకోడానికి ఓపిక ఉందంటాం, వాళ్ల సరదాకొచ్చేసరికి వయసు గుర్తొస్తుంది.

గోదారి_పిల్ల: అమ్మనే అడిగా, సరే అంది. మనవరాలు చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఏ అమ్మమ్మ కాదంటుంది? భయమేసిందని హాస్పిటల్లో చెప్పింది.

ఎడిసన్_కోడలు: ఇది చదివాక పిల్లలు లేనప్పుడు మామయ్యగారిని మళ్లీ అడిగా. దిగుతా, కానీ ముందు కాసేపు బయట నిలబడి చూస్తా అన్నారు. క్రిస్మస్ వారం మానేసి జనవరిలో వీక్‌డే పొద్దున స్లాట్ చూస్తున్నాం. షూ సైజ్ 9, స్కేట్స్ 8 అడగనా?

స్కేటర్_నాన్న: 8 వేసి చూడండి, లోపల మడమ లేవకూడదు.

గోదారి_పిల్ల: విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్కేటింగ్ కవర్ అవుతుందో లేదో చదివే బుక్ చేయండి.