గోపాల్‌పూర్ పాత రేవు, పాత రుచులు: అమ్మను తీసుకుని మళ్ళీ వెళ్ళాలని ఉంది

ప్రశ్న (రాయగడ నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మ పుట్టిల్లు ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిచేవి కనుక, ఆ ఊరి పేరు వినగానే నాకు ఒడ్డున వేగుతున్న చేపల వాసన, రేవు దగ్గర కప్పు లేకుండా నిలిచిన ఇటుక గోడలు కలిసే గుర్తుకు వస్తాయి. తాతగారు పోయాక ఇల్లు అమ్మేశారు, రాకపోకలు తగ్గిపోయాయి. అమ్మకు డెబ్బై దాటాయి. ఈ పుష్యమాసంలో ఆమెను తీసుకువెళ్ళి, చూడాలనుకున్నవన్నీ తీరికగా చూపించాలని నా కోరిక. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఆ ఊరి దగ్గరే తీరం దాటింది కదా, పాత కట్టడాలలో ఇప్పుడు చూడదగినవి ఏవి? పామ్ బీచ్ హోటల్లో బసచేయని వారు కూడా భోజనానికి వెళ్ళవచ్చునా? ఒడ్డున చేప వేయించి ఇచ్చే దుకాణాలు, బరంపురంలో పొద్దున్నే ఇడ్లీ, వడల మీద వేడి ఘుగుని (ఎండు బఠాణీల కూర) పోసి ఇచ్చే బళ్ళు ఇప్పటికీ ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి)

తప్పకుండా తీసుకువెళ్ళండి, ఆలస్యం చేయకండి. బరంపురం నుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి.

ముందు రేవు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ ఊరికి ప్రాణం పోసింది అదే. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, అంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు, మన వైపు నుంచి బర్మాకు కూలికి వెళ్ళేవారు ఇక్కడే ఓడ ఎక్కేవారు. ఓడ ఒడ్డు దాకా రాలేదు కనుక దూరాన లంగరు వేసి ఆగేది. మూటాముల్లెతో జనం మసూలా పడవలలో కెరటాలు దాటి దాని దగ్గరకు చేరేవారు. ఆ పడవల పలకలను మేకులతో కాక కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు, అందువల్ల అలల దెబ్బకు కాస్త వంగేవే తప్ప పగిలేవి కావు. 1942లో బర్మా జపాను వారి చేతిలో పడటంతో ఆ రాకపోకలు తెగిపోయాయి, రేవుకు పని లేకుండా పోయింది. మీకు గుర్తున్న గోడలు ఆ కాలపు గోదాములవే. కప్పు పోయిన గోడలో ఒకసారి రావి మొక్క వేరు దిగితే ఉప్పుగాలికీ వానకూ ఎంతో కాలం నిలవదు. మిగిలినవాటినైనా రక్షించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. వాటి దగ్గరకు వెళ్ళినప్పుడు గోడలకు ఆనుకోకుండా దూరం నుంచే చూడండి.

పామ్ బీచ్ సంగతి వేరు. 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు దానిని కట్టించాడని చెబుతారు. తరువాత ఒబెరాయ్ హోటళ్ళ వారి చేతికి వచ్చింది, ఇప్పుడు మేఫెయిర్ హోటళ్ళ వారిది. రేవు మూతపడినా హోటలు నడుస్తూనే ఉండటం వల్ల ఎవరో ఒకరు సున్నం వేశారు, తలుపులు మార్చారు, కప్పు బాగుచేశారు. గోదాములకు ఆ అదృష్టం లేకపోయింది. భోజనానికి ముందుగా ఫోను చేసి అడిగి వెళ్ళడం మంచిది. ఖర్చు ఎక్కువే, అయినా అమ్మగారిని సముద్రానికి ఎదురుగా నీడలో కూర్చోబెట్టడానికి అంతకంటే మంచి చోటు ఆ ఊళ్ళో లేదని నా అభిప్రాయం.

ఇడ్లీ బళ్ళకు ఏ లోటూ లేదు. పొద్దెక్కక ముందే వెళ్ళండి. తిరిగి వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు, ఊరగాయ కొనడం అమ్మగారే గుర్తుచేస్తారు.

జవాబు (గోపాల్‌పూర్ నుంచి)

పై జవాబు రాసిన పెద్దవారి మీద గౌరవంతోనే ఒక మాట చెబుతాను. సముద్రాన్ని చూడటానికి హోటలు మంచిదే కావచ్చు, చేప తినడానికి మాత్రం ఒడ్డుకే రావాలి. మేము వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళం. ఇక్కడి జాలర్లలో చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు కనుక అమ్మగారికి మాట కలపడానికి మనుషులు దొరుకుతారు, పాత ఇంటిపేర్లు చెబితే గుర్తుపట్టేవారు కూడా ఉండవచ్చు.

తెల్లవారాక తెప్పలు, పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు రండి. చందువ, కోనాం, కానగంతలు, రొయ్యలు, పీతలు ఏ రోజు ఏది పడితే అదే దొరుకుతుంది, ఫలానాదే కావాలని పట్టుపట్టకండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను లోపలికి పోకుండా ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే నిండాలి. చేపను మీరే ఎంచి, తూకమూ ధరా వేయించక ముందే మాట్లాడుకుని, మసాలా తగ్గించమని చెప్పండి. ఆ పూట చేపకు ఉప్పు, పసుపు, కారం, కొంచెం చింతపండు రసం పట్టించి పెనం మీద నిదానంగా కాలిస్తే చాలు. ఎర్ర రంగు కలిపి నూనెలో ముంచి తీసే చోట చేప తాజాదో కాదో నాలుకకు తెలియదు.

ఈ తీరంలో లోపలికి లాగే నీరు బలంగా ఉంటుంది, పిల్లలు ఉంటే మోకాలి లోతు దాటనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు మోకాళ్ళ నొప్పి వల్ల ఇసుకలో ఎక్కువ దూరం నడవడం, మెట్లు ఎక్కడం కష్టం. ఓడలకు దారి చూపే దీపస్తంభం (లైట్‌హౌస్) వదులుకోవలసిందేనా? మరొక పూట చూడటానికి దగ్గరలో ఏముంది?

జవాబు (ఛత్రపురం నుంచి)

దీపస్తంభం పైకి సందర్శకులను సాయంత్రం వేళ పంపుతారు, వేళలు అక్కడ కనుక్కోండి. ఎక్కలేని వారికి కింది నుంచి చూసినా బాగానే ఉంటుంది. ఇసుకలో నడవనక్కరలేదు, ఒడ్డు వెంట గట్టి దారి ఉంది, కూర్చోవడానికీ వీలుంటుంది.

మరొక పూటకు గంజాం ఊరు దగ్గరి పోటగఢ్ చూపించండి. జాతీయ రహదారి మీదుగా బరంపురం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అది. కాట్స్‌ఫర్డ్ అనే ఆంగ్లేయ అధికారి 1768లో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. జిల్లా కేంద్రం మొదట అక్కడే ఉండేది, 1815లో విషజ్వరాలు వచ్చి జనం చనిపోవడంతో అధికారులు ఆ ఊరు విడిచిపెట్టారు. గోపాల్‌పూర్ రేవు కథ అర్థం కావాలంటే గంజాం తప్పక చూడాలి, ఎందుకంటే గంజాం పాత రేవు దెబ్బతిన్నాకే గోపాల్‌పూర్ వ్యాపారం పెరిగింది. లోపల తుప్పలు ఉంటాయి కనుక అమ్మగారిని నీడ పట్టున ఉంచి మీరు తిరిగి రండి. ఆకారం బాగా తెలియాలంటే వెళ్ళే ముందు ఫోనులో ఉపగ్రహ చిత్రం తీసి ఆమెకు చూపించండి.

అక్కడ భోజనానికి ఏమీ ఆశించకండి. ఉదయం బరంపురంలో తిని బయలుదేరి, మధ్యాహ్నానికి ఛత్రపురంలో ఆగితే అన్నం, పప్పు, చేపల పులుసు దొరుకుతాయి.