హైడ్రాలిక్ లివర్ షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతోంది, రెండుసార్లు సీల్ మార్చినా ఆగలేదు

మిర్యాలగూడ_రైతు:
అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన, సాగర్ ఎడమ కాలువ కింద వరి. నాన్న కొన్న 35 హెచ్‌పీ ట్రాక్టర్, 1996 మోడల్, ఇంజన్ ఇప్పటికీ పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. బాధల్లా వెనక కల్టివేటర్ లాంటి పనిముట్లను లేపి దించే హైడ్రాలిక్ లివర్ దగ్గరే. సీటుకు కుడి పక్కన లివర్ షాఫ్ట్ బాడీలోకి వెళ్లే చోట ఆయిల్ చెమర్చి, ఫుట్‌బోర్డు మీదికి కారి, దుమ్ము పట్టి నల్లటి ముద్దలా పేరుకుంటోంది. ఏప్రిల్‌లో ఊళ్లో మెకానిక్‌తో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ వేయిస్తే పదిహేను రోజులు ఆగింది, మళ్లీ వేయిస్తే వారం కూడా ఆగలేదు. నారు పోసి వారమైంది, దమ్ముకు ఇంకా ఇరవై రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది. చుట్టూ గమ్ము పెట్టి ఈ సీజన్ గడిపేయమంటున్నారు కొందరు. పెట్టొచ్చా అన్నా?

పాతబండి_తెనాలి:
గమ్ము మాత్రం పెట్టకు తమ్ముడూ. ఆయిల్ తడి ఉన్న ఇనుముకు అది పట్టదు, పైగా ఊడిన తునకలు లోపలికి పోయి పంపు జాలీకి అడ్డం పడితే లిఫ్ట్ లేవడమే మానేస్తుంది, అప్పుడు దమ్ము మధ్యలో ఆగిపోతావు.

రెండుసార్లు వేసినా ఆగలేదంటే ముందు షాఫ్ట్‌ను, అది కూర్చుని కదిలే బుష్‌ను (లోహపు గొట్టం లాంటి తొడుగు) అనుమానించు. కల్టివేటర్ నేలకు దించేసి, ఇంజన్ ఆపి, లివర్‌ను మొదట్లో పట్టుకుని పైకీ కిందికీ ఆడించు. సీల్ దగ్గర షాఫ్ట్ కాస్త ఎగిరినా బుష్ పోయినట్టే. ఈ షాఫ్ట్ గిర్రున తిరిగేది కాదు కదా, ముందుకీ వెనక్కీ కొంచెమే కదులుతుంది, ఇన్నేళ్లుగా మన చెయ్యి బరువంతా ఒకే పక్క పడుతుంది, అందుకే అరుగుదల చుట్టూ సమానంగా రాదు, ఒక పక్కే తినేసి బుష్ రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతుంది. ఆ సందు ఉన్నంతకాలం షాఫ్ట్ అటూ ఇటూ వాలుతూనే ఉంటుంది, సీల్ రబ్బరు అంచు ఎంతకని సర్దుకుంటుంది? మా బండికి నేనూ మూడు సీళ్లు మార్చాకే ఈ సంగతి తెలుసుకున్నాను. లేత్ షాపులో గన్‌మెటల్ బుష్ చేయించి దిగ్గొట్టాక మళ్లీ చుక్క పడలేదు.

లేత్‌పని_20ఏళ్లు:
పైన చెప్పింది నిజం. ఇంకో మాట, మీ మెకానిక్ ఏ సైజు సీల్ వేశాడో అడిగారా? మాసీ, బి-275 లాంటి పాత ట్రాక్టర్ డిజైన్లు ఇంగ్లండ్ నుంచి వచ్చినవి, వాటిలో చాలా కొలతలు అంగుళాల్లోనే ఉంటాయి. ముప్పావు అంగుళం షాఫ్ట్ అంటే 19.05 మి.మీ. కొట్లో పాత సీల్ చూపిస్తే కంటితో చూసి 20 మి.మీ.ది ఇస్తారు, అది వేళ్లతో తోసినా సులువుగా ఎక్కుతుంది, బాగా సరిపోయిందే అనుకుంటాం. కారేది అక్కడే. వెర్నియర్ స్కేలుతో షాఫ్ట్‌ను అరగని చోట కొలవండి, తర్వాత సీల్ కూర్చునే రంధ్రం, దాని లోతు, ఈ మూడూ రాసుకుని కొట్టుకు వెళ్లండి.

సీల్ అంచు ఆనే చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే గాడి పడినట్టు. సన్నని గాడి అయితే సీల్‌ను ఒకటి రెండు మి.మీ. ముందుకో వెనక్కో జరిపి కూర్చోబెడితే అంచు కొత్త చోట పడుతుంది. లోతుగా ఉంటే షాఫ్టే మార్చాలి. తుప్పు ఉంటే 400 నంబరు ఎమిరీ పేపర్‌తో చుట్టూ రుద్దండి, నిలువుగా మాత్రం రుద్దొద్దు, నిలువు గీతలు ఆయిల్‌కు కాలువల్లా పనిచేస్తాయి.

బిగించేటప్పుడు సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు రావాలి. షాఫ్ట్ చివర పిన్ను రంధ్రం అంచులు కత్తిలా ఉంటాయి, దాని మీద పలచటి టేపు చుట్టి, గ్రీజు రాసి అప్పుడు సీల్ ఎక్కించండి. సీల్ బయటి అంచుకు సరిపడా బాక్స్ స్పానర్ పెట్టి మెల్లగా చుట్టూ తట్టండి, ఒక పక్కే కొడితే వంకరగా దిగుతుంది. విప్పే ముందు లివర్ మీదా షాఫ్ట్ మీదా పంచ్‌తో గుర్తు కొట్టుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే లివర్ తప్పు చోట కూర్చుని లిఫ్ట్ సరిగా లేవదు, దిగదు.

గోదారి_ట్రాక్టర్:
బ్రీదర్ కూడా (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) విప్పి డీజిల్‌లో కడుగు తమ్ముడూ. మట్టి పట్టి మూసుకుపోతే వేడికి లోపల గాలి ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్‌ను తోస్తుంది. గేజీలో పై గీత దాటి ఆయిల్ పోసినా ఇదే గొడవ.

మిర్యాలగూడ_రైతు:
అన్నలూ, పని అయింది. ఆడించి చూస్తే షాఫ్ట్ కంటికి కనిపించేంత ఎగురుతోంది. షాఫ్ట్ కొలిస్తే సరిగ్గా 19.05, తీసిన సీల్ మీద రాసి ఉన్నది 20. అంటే రెండు తప్పులూ ఉన్నాయి. ఊళ్లో అంగుళాల సైజు దొరకలేదు, విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. బుష్ ఇక్కడే లేత్ షాపులో చేయించాను. బ్రీదర్ విప్పితే ఊదినా గాలి పోలేదు, అంతలా మూసుకుపోయింది.

దమ్ము మొదలై పదకొండు రోజులైంది. రోజూ సాయంత్రం షాఫ్ట్ చుట్టూ తెల్లగుడ్డతో తుడిచి చూస్తున్నా, మొదటి రోజు రాసిన గ్రీజు తప్ప ఏమీ అంటడం లేదు. పక్కనున్న రెండో లివర్ కూడా కొంచెం ఆడుతోంది, కానీ కారడం లేదు, నాట్లు అయ్యాక దానికీ బుష్ వేయిస్తాను.