తెలుగు పీడీఎఫ్‌ని స్క్రీన్ రీడర్ పిచ్చిపిచ్చిగా చదువుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మా తమ్ముడికి చూపు లేదు, గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్) వాడతాడు. ఇంగ్లీష్ మెటీరియల్ గడగడా చదివేస్తది కానీ కోచింగ్ వాళ్ళిచ్చిన తెలుగు పీడీఎఫ్ ఓపెన్ చేస్తే సిగ్మా, స్క్వేర్ రూట్ అని ఏదేదో వాగుతోంది. నాకేమో స్క్రీన్ మీద చక్కటి తెలుగే కనపడుతోంది. రోజూ రాత్రి నేనే చదివి రికార్డ్ చేసిస్తున్నా, గొంతు పోయింది.

జవాబు 1: సాఫ్ట్‌వేర్ బానే ఉందండి, అది అను ఫాంట్ అయ్యుంటది. లోపల ఉండేవి ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే, పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. మనకి బొమ్మ కనపడుద్ది, ఎన్‌విడిఎకి కోడ్ కనపడుద్ది. ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి గుర్తులొస్తే అదే.

జవాబు 2: నాకూ చూపు లేదండి, డిగ్రీ మొత్తం ఇదే గోల. పీడీఎఫ్‌ని నేరుగా గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలాసార్లు లోపలున్న ఆ చెత్తే వస్తది, అందుకని ముందు పేజీల్ని జేపెగ్ ఫొటోలు చేసి డ్రైవ్‌లో ఎక్కించి అప్పుడు డాక్స్‌తో తెరవండి, ఓసీఆర్ అయ్యి, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి, యూనికోడ్ తెలుగు (స్క్రీన్ రీడర్ చదవగలిగే అసలు తెలుగు అక్షరాలు) వస్తది. ఒత్తులు అక్కడక్కడ ఎగిరిపోతాయి, రాష్ట్రం కాస్తా రాష్టం అవుద్ది, అలవాటైపోతుంది. టేబుల్స్ మాత్రం నాశనమే, పంచవర్ష ప్రణాళికల టేబుల్‌లో ఏ ఏడాది ఏ ప్రణాళికదో తేలక చివరికి మా అక్క చేత చదివించుకున్నా. ఇంకోటి, ఎన్‌విడిఎతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రేకు డబ్బా మోతలా ఉంటది, ఆ టెక్స్ట్ ఫోన్‌లోకి పంపుకుని గూగుల్ తెలుగు వాయిస్ పెట్టుకుని టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్) వినమనండి.

జవాబు 3: నేను డీటీపీ చేస్తా. ఓసీఆర్ కంటే వాళ్ళ దగ్గర పేజ్‌మేకర్ (పేజీలు టైప్ చేసి డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైల్ అడిగి తీసుకోవడం మేలు, అందులో టెక్స్ట్ కాపీ చేసి అను టు యూనికోడ్ కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు సరిగ్గా వస్తది. అను ఏ వెర్షనో కూడా అడగండి, అది తప్పితే మళ్ళీ చెత్తే.

అడిగినవారు: వాట్సాప్‌లో పేస్ట్ చేశా, అన్నీ పిచ్చి గుర్తులే 😀 ఫైల్ అడిగితే లీక్ అవుద్ది ఇవ్వం అన్నారండి.

జవాబు 2: కాపీరైట్ చట్టంలో 2012 సవరణ చూపించండి. చూపులేనివాళ్ళు చదువుకునేలా లాభం చూసుకోకుండా మార్చుకుంటే తప్పు కాదని అందులోనే ఉంది. కాకపోతే ఫైల్ ఇచ్చి తీరాలని మాత్రం లేదు, అడిగే పద్ధతిలో అడగాలి.

అడిగినవారు: సోమవారం వెళ్ళి మళ్ళీ అడుగుతా. ఈలోపు పాలిటీ మొదటి చాప్టర్ జేపెగ్‌లు చేస్తున్నా.